ఎడమకు తిరిగే ఎలుకలు

సెప్టెంబరు 23, సోమవారం

నాకు జంతువులంటే ప్రాణమట. ఈ సంగతి ఈరోజే తెలిసింది. అమ్మ నాతో చెప్పలేదు, మా లాండ్రీ షాపుకు కోటు కోసం వచ్చిన నెమోతో గారితో చెప్పింది. "మా శిహో చిన్నప్పటి నుంచీ అంతేనండీ. చీమను కూడా తొక్కదు. అందుకేగా జంతువుల చదువులో చేరింది!" నేను కౌంటరు వెనక ఉతికిన బట్టలకు కవర్లు తొడుగుతున్నాను. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, ఎంత మెత్తని మనసో అన్నట్టు నిట్టూర్చింది.

నాది జంతువుల చదువు కాదు. గుండె ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ గుండె పనీ ఊపిరితిత్తుల పనీ తన మీద వేసుకునే యంత్రం గురించిన చదువు. నాకు ప్రాణమైనవి గొట్టాలు. సన్నటి గొట్టంలో నల్లగా వచ్చిన రక్తం కృత్రిమ ఊపిరితిత్తిలో దూరి, అవతలి పక్క ఎర్రగా బయటపడుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఎలుకలు అందుకు కావాలి కాబట్టి ఎలుకలు. చేరినప్పటి నుంచీ ఇంట్లో ఇదే చెబుతున్నాను. వాళ్లు వినేది వేరే.

రాత్రి భోజనాల దగ్గర అమ్మ మొదలుపెట్టింది.

"పోనీ, వాటికి పేర్లు పెడతారా?"

"తోక మీద మార్కర్‌తో నంబరు రాస్తాం."

"ముద్దుగా ఏమీ పిలవరూ?"

"మత్తిస్తాం. మెడలోని రక్తనాళం నుంచి రక్తం బయటికి లాగి, యంత్రంలో తిప్పి, తోకలోని రక్తనాళంలోంచి లోపలికి పంపిస్తాం. ముద్దులాడే తీరిక ఉండదు."

నాన్న గిన్నె కింద పెట్టేశాడు. "అన్నం దగ్గరా ఈ మాటలు?"

"తిట్టకండి," అంది అమ్మ. "లోపల బాధ పడుతోంది, అందుకే అలా కటువుగా మాట్లాడుతోంది."

ఇలాంటి మనిషితో ఏమని వాదించను?

నెమోతో గారి కోటు చేతి మీద సోయా మరక ఉంది. అమ్మ నుదురు కౌంటరుకు తగిలేంతగా వంగి, తప్పయిపోయింది, క్షమించండి, క్షమించండి అంది. ఆవిడ వెళ్లాక, "ఆ మరక తెచ్చినప్పుడే ఉంది," అని నవ్వింది. మరి మనదే తప్పని ఎందుకన్నావంటే, "అంటే నోటి ముత్యాలు రాలిపోతాయా?" అంది. మా ఇంట్లో ముందు క్షమాపణ, ఏం జరిగిందో ఆ తర్వాత. నాది మెత్తని మనసని నెమోతో గారు అనుకుంటే దాన్నీ నేను కాదనలేదు. తల వంచాను.

పెద్దలను తలుచుకునే పండగ కదా, బామ్మ సమాధి కడిగి వచ్చాం. తీపి చిక్కుడు పూసిన అన్నం ముద్దలు అమ్మ ల్యాబుకని ఒక డబ్బా కట్టింది.

సెప్టెంబరు 25

డబ్బా ముప్పాతిక భాగం మా ల్యాబు సీనియర్ కురమోచి-సాన్ ఖాళీ చేశాడు.

"మీ అమ్మగారు ఇలాగే పంపిస్తూ ఉంటే నేను డాక్టరేటు మానేసి ఇక్కడే ఉండిపోతాను, తకిజావా." ల్యాబులో నన్ను ఇంటిపేరుతోనే పిలుస్తారు.

"ఉండండి. ఎలుకలకు తోడు దొరుకుతుంది."

"వాటి గదిలో ఏసీ ఉంది. నా ఇంట్లో లేదు."

ఆయనకు ఇది ఆఖరి ఏడాది. పేపరు వస్తేనే డాక్టరేటు. మొదటిసారి ఎలుక మెడ కోసినప్పుడు నా చేయి వణికితే, ఏమీ అనకుండా తన వేలు నా మణికట్టు కింద ఆనించి ఉంచిన మనిషి. నాకోసం అన్నిటికంటే చిన్న సైజు గ్లవ్స్ విడిగా తెప్పించిన మనిషి కూడా. ఇది ఎందుకు రాస్తున్నానో తెలియదు.

మేం తయారుచేస్తున్న చిన్న యంత్రానికి కొత్త ఊపిరితిత్తి మూడోసారి అచ్చుపోసి వచ్చింది. అగ్గిపెట్టె కన్నా చిన్నది. సెన్సేయ్, అంటే మా ప్రొఫెసర్ గారు, దాన్ని అరచేతిలో పెట్టుకుని, పెళ్లి ఉంగరం చూపించినట్టు అందరికీ చూపించాడు.

పాత యంత్రం గొట్టాలు నింపాలంటే ఎలుక ఒంట్లో ఉన్నంత ద్రవం కావాలి. ఉప్పునీళ్లు పోస్తే రక్తం పలచబడి ఎలుక చస్తుంది. అందుకని ఇంకో ఎలుక రక్తం పిండి నింపుతాం. ఆ రెండో ఎలుక మీద ఏ ప్రయోగమూ జరగదు. అది గొట్టాలు నింపడానికి పుట్టింది, అంతే. కొత్తదాంట్లో గొట్టాలు ఎంత పొట్టివంటే ఉప్పునీళ్లు చాలు. రెండో ఎలుక అక్కర్లేదు.

ఇది అమ్మకు చెప్పను. చెబితే రేపటికల్లా నెమోతో గారికి తెలుస్తుంది, మా శిహో ఎలుకలను కాపాడుతోందని.

సెప్టెంబరు 27

ఈరోజు ఎలుక మీద కొత్తది. ఆపరేషన్ చేసే చేయి నాది, పంపు దగ్గర కురమోచి. గొట్టం మొదటిసారికే దూరింది. యంత్రం మీద ఉన్నంతసేపూ అన్నీ సవ్యంగా ఉన్నాయి. తీసేశాక గుండె తన పని తను అందుకుంది. కుట్లు వేసి పంజరంలో పెట్టాం.

మధ్యాహ్నానికి లేచింది. లేచి, ఎడమకు తిరిగింది. మళ్లీ ఎడమకు. తన తోకను తను వెతుక్కుంటున్నట్టు.

"మత్తు దిగలేదేమో," అన్నాడు కురమోచి.

సాయంత్రం కూడా అంతే. మెదడులో ఒక పక్క దెబ్బ తింటే ఇలా తిరుగుతాయి. మా ఇద్దరికీ తెలుసు. ఆయన పంజరం ముందు చాలాసేపు కూర్చున్నాడు. ఏదో చెప్పబోయి, ఆగి, ఇంకేదో అన్నాడు.

"మెడలో గొట్టం కాస్త లోతుకు వెళ్లిందేమో. మెదడు నుంచి దిగే రక్తానికి అడ్డం పడితే ఇలా జరగొచ్చు."

"నా చేతి తప్పే. క్షమించండి."

"పర్లేదు. చేతి తప్పయితే లెక్కలోకి రాదు. ఇంకోటి చేద్దాం."

చెప్పేశాక తేలిగ్గా అనిపించింది. దారిలో వేడి వేడి బంగాళాదుంప క్రోకెట్ కొనుక్కుని తిన్నాను.

సెప్టెంబరు 30

ఇంకో ఎలుకా తిరిగింది. మళ్లీ నా చేతి తప్పే అన్నాను.

అక్టోబరు 4

చేయి బాగుపడాలి. కాఫీ మానేశాను. సూపర్‌మార్కెట్లో కోడి రెక్కలు కొని, నా అద్దె గదిలో దీపం కింద పెట్టుకుని, వాటి రక్తనాళాల్లోకి గొట్టం దూర్చడం సాధన చేశాను. తర్వాత వాటినే ఉప్పు, నిమ్మకాయ వేసి కాల్చుకున్నాను. ప్రతిదీ దూరింది. ఒక్కటి కూడా చిరగలేదు.

అయితే కోడి రెక్క కోడి రెక్కే. ఎలుక ఎలుకే. నా చేతిలోనే ఏదో ఉంది.

పాత యంత్రం మీద చేసిన ఎలుకల్లో ఒకటి నిన్న తిరిగింది. దాన్ని లెక్కలో ఉంచారు. పాత యంత్రం వల్ల మెదడు దెబ్బతింది, అందుకే కొత్తది కావాలి అనడానికి పనికొస్తుందట. అదీ నా చేయే చేసింది కదా అనుకున్నాను. అడగలేదు.

అక్టోబరు 9

సెన్సేయ్ పిలిచాడు. ఆయన గదిలో ఈ యంత్రాలు తయారుచేసే కంపెనీ నుంచి శిందో గారు ఉన్నాడు. టీపాయ్ మీద వాళ్ల ఊరి చెస్ట్‌నట్ మిఠాయి.

"ఈ అమ్మాయేనండీ మా చేయి," అన్నాడు సెన్సేయ్. "వచ్చే ఏప్రిల్ నుంచి మీ చేయి."

కంపెనీ నన్ను తీసుకుంది ఆయన మాట మీద. పరీక్ష పేరుకే. శిందో గారు లేచి మరీ నాకు తల వంచాడు.

"నవంబరు శాస్త్రవేత్తల సభలో మీ ఫలితాలు చూపించగానే పందిపిల్లల మీద మొదలుపెడతాం. అక్కడా కుదిరితే పాపాయిలు." ఆయన మిఠాయి ఒకటి గుప్పిట్లో పెట్టుకుని చూపించాడు. "పుట్టిన బిడ్డ గుండె ఇంతుంటుంది. యంత్రం నింపడానికి ఎవరో దానం చేసిన రక్తం ఎక్కించక తప్పడం లేదు. మీ చిన్నది వస్తే ఆ అవసరమే ఉండదు."

"తకిజావా ఏమంటావు?"

"ఇంకా నా చేయి కుదరాలండీ. కొన్ని ఎలుకలు పాడుచేశాను. క్షమించండి."

ఇద్దరూ నవ్వారు. శిందో గారు, "ఇంత వినయం ఈ రోజుల్లో ఎక్కడుందండీ," అన్నాడు.

మిఠాయి ఒకటి కాగితంలో చుట్టుకుని తెచ్చుకున్నాను. ఇంకా బ్యాగులోనే ఉంది.

అక్టోబరు 11

తిరిగింది.

నిన్నటి వరకు తిరిగినవన్నీ పక్క పంజరాల్లోనే ఉన్నాయి. ఒకదాన్ని గమనించాను. మేత దానికి కుడిపక్కనే, మూతికి అందేంత దగ్గరలో ఉంది. అది ఎడమకు బయలుదేరి, పంజరం అంతా చుట్టి వచ్చి, అప్పుడు అందుకుంది. తిన్నాక మళ్లీ బయలుదేరింది. అలసిపోయినట్టు లేదు. తను తిన్నగానే నడుస్తున్నానని దాని నమ్మకం కాబోలు.

అక్టోబరు 16, బుధవారం

ఈరోజు కురమోచే చేశాడు. "ఎలా చేస్తానో ఒకసారి చూడు," అన్నాడు. యంత్రం నింపడం, పంపు నడపడం నా పని.

ఆయన చేయి అద్భుతం. ఇష్టం లేకపోయినా రాయాల్సిందే. మెడలో గొట్టాన్ని ఎంత పైపైన ఉంచాడంటే, ఊడొస్తుందేమోనని నేనే ఊపిరి బిగబట్టాను. ఊడలేదు.

ఎలుక లేచింది. ఇద్దరం పంజరం ముందు మోకాళ్ల మీద కూర్చుని చూస్తున్నాం. అది ముక్కు పైకెత్తి వాసన చూసింది. ముందుకు రెండడుగులు వేసింది. రా, తిన్నగా రా అనుకుంటున్నాను.

ఎడమకు తిరిగింది.

ఆయన గ్లవ్స్ తీయడం మొదలుపెట్టాడు. ఆ నిశ్శబ్దం నా వల్ల కాలేదు.

"నింపేటప్పుడు నేనే ఎక్కడో గాలి వదిలేసి ఉంటాను," అన్నాను. "నా చేతి తప్పే. క్షమించండి."

"పర్లేదు," అన్నాడు. నావైపు చూడలేదు. "పక్కన పెట్టెయ్."

అక్టోబరు 17

నేను గాలి వదల్లేదు. గొట్టం గొట్టం వేలితో తట్టి, వెలుతురుకు పెట్టి, ఒక్క చుక్క గాలి లేకుండా చూసుకుని మరీ ఇచ్చాను. మరి ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది?

నేను ఎలుకను ముట్టుకోనే లేదు.

అక్టోబరు 18, శుక్రవారం

భోజనాల వేళ అందరూ కాంటీనుకు వెళ్లాక, కొత్తదాన్ని ఉప్పునీళ్లతో నింపాను. ఎలుక లేదు, రక్తం లేదు. గొట్టం ఒక చివర నుంచి ఇంకో చివరకు కలిపేసి, కింద స్లైడ్లు చూసే దీపం పెట్టి, పంపు వేశాను.

మొదట ఏమీ లేదు. పంపు వేగం ఎలుకకు ఇచ్చేంతకు పెంచాను. అప్పుడు ఊపిరితిత్తి అవతలి పక్క నుంచి వచ్చాయి. సోడా మూత తీసినప్పుడు గాజుకు పట్టుకునే బుడగల్లాంటివి. సన్నగా, వరసగా, ఎలుక ఉండాల్సిన వైపుకు.

పాత యంత్రంలో ఇవి పైకి తేలి ఆగడానికి ఒక చిన్న గది ఉంది. కొత్తదాన్ని చిన్నది చేయడం కోసం ఆ గదే తీసేశాం.

కురమోచి చేతిలో టీ సీసాతో వచ్చాడు.

"కురమోచి-సాన్, ఒకసారి ఇటు రండి."

వంగి చూశాడు. కళ్లజోడు సర్దుకున్నాడు. ఆశ్చర్యపోలేదు. దాంతో నాకు తెలిసిపోయింది.

"మీకు తెలుసు."

"వేసవిలో చూశాను. పంపు వేగం పెంచినప్పుడు వస్తాయి. కాసేపటికి తగ్గుతాయి."

"తగ్గుతాయా, మనకు కనబడకుండా పోతాయా?"

"రక్తం పారుతుంటే ఎవరికీ కనబడవు."

"ఎలుకకు కనబడుతున్నాయి కదా!"

నవ్వాడు. నవ్వు ఆపుకోలేక కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత తుడుస్తూనే ఉన్నాడు.

"సెన్సేయ్‌కి చెప్పారా?"

"చెబుదామనే అనుకున్నాను. మొదటిది తిరిగిన రోజు నిజంగా నోరు తెరిచాను. తెరిచి, పిరికితనంతో గొట్టం లోతుకు వెళ్లిందేమో అన్నాను. కాదు, సరిగ్గానే పెట్టాను అంటావనుకున్నాను. అప్పుడు చెప్పక తప్పేది కాదు. నువ్వేమో నా చేతి తప్పే అనేశావు."

"అంటే నా మీదకు తోసేశారా?"

"నేను తోశానా? ఒక్కసారైనా నిన్ను అడిగానా, తకిజావా? ప్రతిసారీ నువ్వే అన్నావు. మొన్న కోసింది నేను, కుట్టింది నేను. అప్పుడూ నువ్వే అన్నావు. నాకేం అనిపించిందో తెలుసా? ఈ పిల్ల పక్కనున్నంత కాలం నాకేమీ కాదు అనిపించింది. రాత్రంతా ఆ ఆలోచనకే నిద్ర పట్టలేదు."

పంపు ఇంకా తిరుగుతోంది. బుడగలు వస్తున్నాయి.

"బుడగల గది తిరిగి పెడితే?"

"పెద్దదవుతుంది. ఉప్పునీళ్లు చాలవు. మళ్లీ రెండో ఎలుక. ఇక కొత్తది కొత్తదెలా అవుతుంది? పేపరు లేదు, సభ లేదు." సీసా మూత బిగించాడు. "మా ఆవిడ యూకోకు జనవరిలో పురుడు. అది కారణం కాదు. నీకు చెబుతున్నానంతే."

అప్పుడు నేనేమన్నాను? క్షమించండి అన్నాను.

అక్టోబరు 20

పందిపిల్లల మీద చేసేటప్పుడు ఎలాగూ బయటపడుతుంది. అక్కడ యంత్రం పెద్దది. గది పెట్టుకుంటారు. మనం ఇప్పుడు చెప్పకపోయినా పరవాలేదు. కంపెనీ వాళ్లు తెలివితక్కువ వాళ్లేం కాదు.

శిందో గారి గుప్పిట. అందులో పాపాయి గుండె.

అక్టోబరు 22

ప్రయోగాల్లో చనిపోయిన జంతువులకు ఏటా జరిపే శ్రద్ధాంజలి సభ వచ్చే వారం. విద్యార్థుల తరఫున మాట్లాడే వంతు ఈసారి మా ల్యాబుది. సెన్సేయ్ నా పేరిచ్చాడు. "నీ గొంతులో తడి ఉంది. బాగుంటుంది." కిందటేడు కుందేళ్ల ల్యాబు వాళ్లు చదివిన కాగితమే ఇచ్చాడు, కుందేలు అన్న చోట ఎలుక అని మార్చుకోమన్నాడు. మీ ప్రాణాలు వృథా పోలేదు, మీరు నేర్పిన సత్యాన్ని భద్రంగా మోస్తాం అని ఉంది.

అక్టోబరు 24

అమ్మకు ఫోన్ చేశాను. విషయమంతా చెప్పలేదు. చేయని తప్పు నా మీద పడిందని మాత్రం అన్నాను.

"ఎవరు వేశారే?"

"నేనే వేసుకున్నాను."

"మంచి పని చేశావు. గొడవ సద్దుమణిగిందిగా?"

"సద్దుమణిగింది."

"మరి ఏడుపెందుకు? నెమోతో గారి కోటు చూశావుగా. ఆ మరక తెచ్చినప్పుడే ఉందని నేను వాదించి ఉంటే, ఏ పక్క నుంచి పడింది, ఎప్పుడు పడింది అని ఆవిడ కోటంతా తిరగేసేది. అప్పుడు లోపల అస్తరు మేం ఇస్త్రీలో కొంచెం కాల్చింది కూడా కనబడేది. తప్పయిపోయిందని వంగాననుకో, ఇక ఎవరూ బట్ట వైపు చూడరే పిల్లా. నా నడుం వైపు చూస్తారు."

"అస్తరు కాల్చారా?"

"చిన్న మచ్చలే. కనబడదు. ఇంతకీ ఎలుకలు ఎలా ఉన్నాయి? బాగా చూసుకుంటున్నావా?"

ఇన్నేళ్లూ అమ్మ వంగడం వినయం అనుకున్నాను. నాది కూడా.

అక్టోబరు 29, మంగళవారం

సభ అయిపోయింది. జంతువుల భవనం వెనక స్మారక రాయి ముందు అందరం నల్ల సూట్లలో నిలబడ్డాం. నా సూటు మా షాపులో ఉతికిందే, ఇంకా ఆవిరి వాసన. చేమంతులు, అగరొత్తులు. కుందేళ్ల వాళ్లు క్యారెట్లు పెట్టారు. మా వాళ్లు మేత బిళ్లలు ఒక తెల్లటి పళ్లెంలో పోశారు. గాలికి అగరొత్తులు ఆరిపోతుంటే డీన్ తన టోపీ అడ్డం పెట్టాడు.

చదివాను. ఒక్క ముక్క మార్చలేదు. సత్యం అన్న చోట తడబడ్డాను. అందరూ అది ఏడుపనుకున్నారు. వెనక ఎవరో ముక్కు చీదుకున్నారు. తర్వాత అందరం ఒక్కసారే నడుం దాకా వంగాం. వంగి ఉన్నప్పుడు నాకు నేల మీద బూట్లు మాత్రమే కనబడ్డాయి. అంతమంది అంత చక్కగా వంగడం నేనెప్పుడూ చూడలేదు.

సెన్సేయ్ భుజం తట్టాడు. "చెప్పానా, గొంతులో తడి ఉందని."

కురమోచి అందరూ వెళ్లిపోయినా చేతులు జోడించి అక్కడే ఉన్నాడు. నేను మెట్ల దగ్గర ఆయన కోసం ఆగాను. రాలేదు. వెళ్లిపోయాను.

అక్టోబరు 31

తిరిగే ఎలుకలను ఈరోజు నేనే చంపాను. ఎలాగూ చంపాల్సిందే, మెదళ్లు చూడాలి. లెక్కలోంచి తీసేసినవి కాబట్టి చూడనక్కర్లేదని కురమోచి అనొచ్చు. అనలేదు. పలచటి ముక్కలు కోసి రంగు నీళ్లలో వేశాం. బతికున్న చోట ఎర్రబడుతుంది, చచ్చిన చోట తెల్లగా ఉండిపోతుంది.

తెల్లటి మచ్చలు. పెద్దవి కావు. బుడగ ఆగిన చోటల్లా ఒకటి. మొన్న కురమోచి చేసినదానిలో కూడా.

ఆయన ముక్కలకు ఫొటోలు తీశాడు. దీపం కాంతి సరిపోక నేను కాగితం అడ్డం పట్టాను. బాగా కుదిరాయి ఫొటోలు.

వెళ్తూ వెళ్తూ అన్నాడు, "నవంబరు సభకు బుధవారం రిహార్సల్. నేను చూపించే పట్టికలో ఇవి లేవు. ఇప్పటికైతే లేవు."

"ఎందుకు చెబుతున్నారు?"

"నువ్వు అడుగుతావేమోనని."

అడగమంటున్నాడా, అడగొద్దంటున్నాడా? పాపం, ఆయనకే తెలియదు. తను చెప్పలేనిది మళ్లీ నా నోటితో రావాలి. మొదటిసారి తప్పు నా నోటితో వచ్చింది, ఇప్పుడు ఒప్పు కూడా. కోపం వచ్చింది. చాలాకాలం తర్వాత శుభ్రమైన కోపం.

నవంబరు 2

కోపం కూడా ఒక వంకే. ఆయన చెప్పాలి కదా అని కూర్చుంటే నేను చెప్పనక్కర్లేదు.

ఉద్యోగం పోతుందా? పోవచ్చు. సెన్సేయ్ మాట మీద వచ్చింది, ఆయన మాట మీదే పోతుంది. పోకపోయినా శిందో గారు మళ్లీ నాకు లేచి తల వంచడు.

నవంబరు 4

అమ్మ మిఠాయిలు పంపింది. పైన చీటీ: ఎలుకలకు చలి తగలకుండా చూడు.

బ్యాగు అడుగున శిందో గారి చెస్ట్‌నట్ మిఠాయి దొరికింది. రాయిలా అయింది. పారేశాను.

అమ్మ ఊహించుకున్న కూతురయితే ఎల్లుండి ఏం చేస్తుందో నాకు తెలుసు. ఎలుకల మీద జాలితో నోరు మూసుకుంటుంది. నోరు విప్పితే గది తిరిగి వస్తుంది, యంత్రం పెద్దదవుతుంది, దాన్ని నింపడానికి మళ్లీ రెండో ఎలుక చావాలి. చీమను తొక్కని పిల్లకు ఇదంతా ఎక్కడ పడుతుంది?

నవంబరు 5, మంగళవారం

యంత్రం, దీపం, ఉప్పునీళ్ల సీసా సెమినార్ గదిలో పెట్టి వచ్చాను. పంపు పనిచేస్తోంది. తాళం నా దగ్గరే ఉంది.

మధ్యాహ్నం నేను అవి సర్దుతుండగా కురమోచి ఆ గదిలోకి తొంగిచూశాడు. బల్ల మీద ఉన్నవి చూశాడు. "తీగ కాళ్లకు తగులుతుంది, టేపు వెయ్," అన్నాడు. వేశాను.

రేపు పట్టిక తెర మీదకు రాగానే లేచి నిలబడతాను. దీపం వేసి బుడగలు చూపిస్తాను. తిరిగిన ఎలుకలన్నిటినీ లెక్కలో పెట్టమంటాను. నా చేతి తప్పు లేదని చెబుతాను. నిజం తెలిశాక కూడా దాచానని చెబుతాను. కురమోచికి వేసవి నుంచే తెలుసని ఆయన చెప్పకపోతే అదీ నేనే చెబుతాను. యంత్రానికి గది తిరిగి పెట్టాలి. రెండో ఎలుకను నేనే చంపుతాను.

"క్షమించండి" అని మొదలుపెట్టను.